ఎండలో చూశారా

శ్యాంసుందర్ రాసిన కోడ్ అర్థం కావాలంటే శ్యాంసుందరే వచ్చి పక్కన కూర్చోవాలి. ఆయన వచ్చి కూర్చునే రకం కాదు. సూరత్‌లో, అడాజన్ బస్ స్టాపుకి ఎదురుగా ఉన్న ఆ చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఈ సంగతి అందరికీ తెలుసు, తెలిసీ ఊరుకున్నారు, ఎందుకంటే ఆయన రాసింది నడిచేది. సూరత్ అద్దకం మిల్లుల్లో ఏ గుడ్డ ఏ మెషీన్ మీద ఉందో, దానికి ఏ రంగు పడాలో, పడిన రంగుని ఎవరు పాస్ చేశారో చెప్పే సాఫ్ట్‌వేర్ ఆయనదే.

ప్రోగ్రామర్లలో చిరాకు పుట్టించే రకాలు చాలానే ఉన్నాయి. "నా కంప్యూటర్లో బాగానే నడుస్తోందే" అని చేతులు దులుపుకునేవాడు ఒకడు. పక్కవాడు రాసింది చూడగానే మొహం చిట్లించి, ఇదంతా పారేసి మళ్లీ మొదటినుంచి రాద్దామనేవాడు ఇంకొకడు. శ్యాంసుందర్ వీళ్లందరికీ పెద్దన్న. పదిమంది పది లైన్లలో రాసేదాన్ని ఒక్క లైన్లో కుక్కి, కుర్చీలో వెనక్కి వాలి, టీ తాగుతూ, ఎవరైనా వచ్చి అడుగుతారేమోనని ఎదురుచూసే రకం. అడిగితే "చదివితే తెలుస్తుంది" అనేవాడు. ఆ జవాబు వినడానికే అడిగినట్టుండేది.

దానికి తోడు ఆ పేర్లు. ఫంక్షన్ అంటే ఒక పని ఒప్పజెప్పిన కోడ్ ముక్క, ఆ పనేమిటో తెలిసేలా దానికి పేరు పెట్టుకోవాలని కాలేజీలో మొదటి వారమే చెబుతారు. శ్యాంసుందర్ ఆ వారం కాలేజీకి వెళ్లినట్టు లేదు. ఎప్పుడు పిలిచినా ఆలస్యంగా పలికే ఫంక్షన్‌కి బావమరిది అని పెట్టాడు. ఏ బిల్లు పంపినా ఏదో ఒక వంక చెప్పి తిప్పికొట్టేదానికి పెద్దత్తయ్య అని పెట్టాడు. ఆఫీసులో గుజరాతీ వాళ్లు అర్థం తెలియకుండానే ఆ మాటలు నేర్చేసుకున్నారు. పెద్దత్తయ్య మళ్లీ బిల్లు ఆపేసిందని హిందీలో ఒకళ్లతో ఒకళ్లు చెప్పుకుంటుంటే ఆయన మీసాల్లో నవ్వుకునేవాడు.

ఒక్క పేరు మాత్రం వేళాకోళానికి పెట్టింది కాదు. స్వరాజ్యం. అది ఆయన భార్య పేరు.

స్వరాజ్యానికి ఒక అలవాటుండేది. పెళ్లయిన కొత్తలో చౌటా బజారులో ట్యూబ్‌లైట్ల కింద నెమలికంఠం రంగని ముచ్చటపడి కొన్న చీర, ఇంటికొచ్చి చూస్తే పాచి రంగులో వెక్కిరించింది. ఆ తర్వాత ఏ దుకాణంలోనైనా సరే, చీర నచ్చితే దాన్ని పట్టుకుని తిన్నగా బయటికి నడిచేది. దుకాణదారు వెనకాలే పరిగెత్తుకొచ్చేవాడు. ఆమె రోడ్డు మీద, స్కూటర్ల మధ్య నిలబడి, కొంగు ఎండలోకి పట్టి, అటూ ఇటూ తిప్పి చూసి, అప్పుడు గానీ లోపలికి వచ్చేది కాదు. శ్యాంసుందర్ సిగ్గుతో చచ్చిపోయేవాడు. లోలోపల మురిసిపోయేవాడు కూడా, కానీ ఆ మాట ఆమెతో ఎప్పుడూ అనలేదు.

ఖటోదరాలో ఒక మిల్లుకి కొత్తగా సాఫ్ట్‌వేర్ పెట్టే రోజుల్లో ఆమె ఒకసారి ఆయనకి భోజనం తీసుకెళ్లింది. అక్కడ మగాళ్లందరూ దీపాల కింద తలలు దగ్గరపెట్టి, అద్దిన గుడ్డని నమూనాతో పోల్చి, రంగు కుదిరిందంటున్నారు. "ఇంతమంది ఉన్నారు, ఒక్కరికైనా బయటికి తీసుకెళ్లి చూద్దామని తోచలేదా?" అంది. అందరూ నవ్వారు. మల్లేష్ అనే కుర్ర డైయింగ్ మాస్టర్ మాత్రం నవ్వుతూనే గుడ్డ పట్టుకుని వాకిట్లోకి వెళ్లాడు. తిరిగొచ్చేటప్పుడు నవ్వడం లేదు. రంగు కుదరలేదు.

మర్నాడు శ్యాంసుందర్ ఒక్క లైను రాశాడు. సూరత్‌లో ఆ రోజు సూర్యుడు ఎప్పుడు ఉదయిస్తాడో, ఎప్పుడు అస్తమిస్తాడో లెక్కగట్టి, పగలైతే మాస్టర్‌ని 'చూశారా?' అని అడిగి, పొద్దుగూకితే ఏ రంగునీ పాస్ కానివ్వకుండా తెల్లవారేదాకా ఆపే లైను అది. దానికి భార్య పేరు పెట్టి, లాప్‌టాప్ ఇంటికి తెచ్చి చూపించాడు. ఆమె కళ్లజోడు పెట్టుకుని, బ్రాకెట్లూ చుక్కలూ నిండిన ఆ లైనుని చాలాసేపు చూసింది.

"ఇందులో నేనెక్కడున్నానండీ? నాకైతే కనబడట్లేదు," అంది.

కరోనా రెండోసారి విరుచుకుపడినప్పుడు స్వరాజ్యం పోయింది. సెలవు అయ్యాక శ్యాంసుందర్ ఆఫీసుకొచ్చి మామూలుగానే కూర్చున్నాడు. ఎవరైనా పలకరించబోతే స్క్రీన్ వైపు తిరిగిపోయాడు. ఆ రోజు నుంచి ఆ ఆఫీసులో ఆయన నోట ఆ పేరు రాలేదు. కానీ సూరత్‌లో ఎక్కడ ఏ గుడ్డకి రంగు పాసైనా సాఫ్ట్‌వేర్ ముందు ఆ పేరుని పిలవాల్సిందే. ఆయన రోజూ పొద్దున్నే ఒకసారి ఆ లైను తెరిచి చూసుకుని, మూసేసి, అప్పుడు పనిలో పడేవాడు. దేవుడి పటానికి దండం పెట్టుకున్నట్టుండేది ఆ పని.

అలాంటి చోటికి హారతి వచ్చి చేరింది.

హారతి గోడాదరా పిల్ల. తండ్రి పవర్‌లూమ్ కార్ఖానాలో పనిచేస్తాడు. సిరిసిల్ల నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, కాలేజీలో గుజరాతీ. చిరాకు పుట్టించడంలో ఆమెదీ ఒక రకమే. చిందరవందరగా ఉన్నదాన్ని చూస్తే చేతులు ఊరుకోవు. ఎవరు ఏం రాసినా, రివ్యూకి వస్తే, అంటే ఇంకొకరు చదివి సరేననడానికి వస్తే, ప్రశ్నల దండ వేసి వెనక్కి పంపేది. ఇది ఎందుకు? ఈ పేరేంది? తర్వాత వచ్చేటోళ్లకు గిది ఎట్ల సమజైతది? యజమాని రవీంద్రభాయ్ ఆమెని చూసి తెగ సంబరపడ్డాడు. శ్యాంసుందర్ కోడ్ మొత్తం చదివి, నలుగురికీ అర్థమయ్యేలా తిరగరాయమని ఆమెకే అప్పజెప్పాడు. "నువ్వూ తెలుగు, ఆయనా తెలుగు. ఇక నీదే భారం," అన్నాడు హిందీలో.

హారతి బావమరిదిని పట్టుకుని అసలు పని పేరు పెట్టింది. పెద్దత్తయ్యకీ అదే గతి పట్టింది. శ్యాంసుందర్ మూతి ముడుచుకున్నాడు, కానీ అడ్డు చెప్పలేదు. నిజం చెప్పాలంటే ఆ పిల్ల తిరగరాసినవి చదువుతుంటే ఆయనకే హాయిగా ఉంది. ఆ మాట పైకి అంటే ఆయన శ్యాంసుందర్ ఎందుకవుతాడు?

మధ్యాహ్నాలు ఇద్దరూ ఒకే బల్ల దగ్గర తినేవాళ్లు. ఆయన కింద బండి దగ్గర కొన్న శనగపప్పు లోచో తెచ్చుకునేవాడు. ఆమె సర్వపిండి డబ్బా ఆయన ముందుకి నెట్టేది.

"రోజు గిదే తింటే కడుపు ఖరాబైతది సార్. ఇంట్ల వండుకోరా?"

"వండుకుంటాను," అని అబద్ధం చెప్పి సర్వపిండి ముక్క తుంచుకునేవాడు.

శీతాకాలం మొదట్లో ఖటోదరా మిల్లు నుంచి ఫిర్యాదు వచ్చింది. అక్కడికి కొత్త మేనేజర్ వచ్చాడు. రాత్రి షిఫ్టులో అద్దిన గుడ్డంతా పాస్ కాకుండా తెల్లారేదాకా ఎందుకు ఆగిపోతోందో అతనికి అంతుబట్టలేదు. రంగు చూడటానికి ఖరీదైన లైటు పెట్టె ఉంది, అందులో పగటి వెలుగు లాంటి వెలుగే వస్తుంది, మరి మీ సాఫ్ట్‌వేర్‌కేం రోగం అన్నాడు. రవీంద్రభాయ్ ఆ ఫిర్యాదు హారతికి పంపాడు. హారతి తీగ లాగుతూ లాగుతూ ఆ ఒక్క లైను దగ్గరికి వచ్చి ఆగింది.

"సార్, గీ స్వరాజ్యం ఏం చేస్తది?"

శ్యాంసుందర్ స్క్రీన్ వైపు తిరిగాడు. "చదివితే తెలుస్తుంది."

"చదివిన. రాత్రిపూట పాస్ కానిస్తలేదు. ఎందుకో సమజైతలేదు. మొత్తం కోడ్‌ల ఒక్క కామెంట్ సుత లేదు. ఎవరన్న అడిగిన్రా గిట్ల పెట్టమని?"

ఆయనకి చెప్పాలనే ఉంది. నోరు తెరిచాడు కూడా. కానీ అవతల రవీంద్రభాయ్ ఫోన్లో మాట్లాడుతూ ఇటే చూస్తున్నాడు, పక్క బల్ల కుర్రాళ్లు చెవులు ఇటే వేశారు. ఇన్నాళ్లూ అనని పేరు ఇప్పుడు అంటే గొంతు ఏమవుతుందో ఆయనకి తెలుసు. "అడగలేదు," అన్నాడు.

"మరి పేరు? మీ బావమరిది, పెద్దత్తయ్య లెక్క ఈమె ఎవరు సార్?"

"ఎవరూ కాదు."

అనేశాక ఆ మాట ఆయన చెవులకే పరాయిగా వినబడింది. లేచి నీళ్లు తాగొచ్చాడు.

ఆ సాయంత్రమే ఆమె మార్చిన కోడ్ రివ్యూకి వచ్చింది. స్వరాజ్యం అన్న పేరు, ఆ లైను, ఎర్రరంగులో కొట్టివేసి ఉన్నాయి. పక్కన హారతి తన పద్ధతిలో శుభ్రంగా రాసింది: ఎందుకుందో ఎవరికీ తెలియని షరతు, పాతదై ఉంటుంది, తీసేస్తున్నాను. పొరపాటు ఆమెది కాదు. కారణం ఎక్కడా రాసిలేదు, తెలిసినవాడు చెప్పలేదు, అలాంటిదాన్ని ఎవరైనా అలాగే తీసేస్తారు. శ్యాంసుందర్ ఒక్క మాట రాస్తే అది ఆగిపోయేది. వద్దు అని రెండక్షరాలు చాలు. కానీ వద్దంటే ఎందుకంటుంది ఆ పిల్ల. అందుకు జవాబు రాయాలి. సరే అన్న బటన్ నొక్కి, సంచీ తగిలించుకుని వెళ్లిపోయాడు. తాపీ వంతెన మీద బస్సులో నిలబడి నది వైపు చూస్తుంటే, మనిషిని రెండోసారి సాగనంపి వస్తున్నట్టనిపించి కళ్లు తుడుచుకున్నాడు.

మర్నాటి నుంచి ఆయనకి పొద్దున్నే తెరిచి చూసుకునేది లేకుండా పోయింది. తెరవబోయి, గుర్తొచ్చి, చెయ్యి వెనక్కి తీసుకునేవాడు. హారతి ఏమైందని అడిగింది. ఏం లేదన్నాడు.

వారం తిరక్కుండానే ఖటోదరా నుంచి మల్లేష్ ఫోన్ చేశాడు. ఇప్పుడతను అక్కడ పెద్ద మాస్టర్. జుట్టు నెరిసింది, మర్యాద మాత్రం అలాగే ఉంది.

"సారూ, జర ఒకసారి రాండ్రి. రాత్రి షిఫ్టోళ్లు పెట్టెల చూసి ఒక లాట్ పాస్ చేసిన్రు. పొద్దుగాల వాకిట్ల పరిస్తే రంగు వేరే ఉన్నది."

శ్యాంసుందర్, హారతి ఇద్దరూ ఆటోరిక్షాలో వెళ్లారు. మిల్లు వాకిట్లో ఎండలో గుడ్డ పరిచి ఉంది. నెమలికంఠం కావాల్సింది పాచిరంగుకి తిరిగింది. లైటు పెట్టెలో ఒక దీపం పాతబడి వెలుగు మారిపోయిందట, ఎవరూ గమనించలేదట. గుడ్డ మళ్లీ అద్దుకోవచ్చు, పెద్ద నష్టమేమీ లేదన్నాడు మల్లేష్. అని, శ్యాంసుందర్ వైపు తిరిగి, నొచ్చుకుంటూనే అడిగాడు.

"గా సవాల్ ఎందుకు తీసేసిన్రు సారూ? కంప్యూటర్ల 'చూశారా?' అని వస్తుండె. అది రాంగనే నాకు అక్క యాదికొస్తుండె. వెంటనే గుడ్డ పట్టుకొని బయటికి వస్తుంటి. ఇప్పుడు అది లేకపోతే చెయ్యి ఆడుతలేదు."

"అక్క ఎవరు?" అంది హారతి.

"స్వరాజ్యమక్క. సారు భార్య. నీకు తెల్వదా బిడ్డా? ఎండల చూడకుంటే పాస్ చెయ్యొద్దని మాకు నేర్పిందే ఆమె."

హారతి గుడ్డ వైపే చూస్తూ నిలబడింది. శ్యాంసుందర్ జేబులో రుమాలు వెతుక్కున్నాడు.

తిరుగు రిక్షా సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు హారతి మెల్లగా అంది, "ఎవరూ కాదన్నరు సార్ మీరు."

"అన్నాను."

"మీరు ఒక్క మాట చెప్తే నేను ముట్టుకుంటుంటినా?"

"చెప్పలేకపోయానమ్మా," అన్నాడు. దిగేటప్పుడు ఆయన సంచీ ఆమె పట్టుకుంది.

ఆఫీసులో రవీంద్రభాయ్ అప్పటికే మిల్లు మేనేజర్ చేత చీవాట్లు తిని, వాటిని ఎవరికి పంచాలా అని చూస్తున్నాడు. హారతిని చూడగానే మొదలుపెట్టాడు. నడుస్తున్నదాన్ని ఎవరు కదపమన్నారు, ఆయన అంత అనుభవజ్ఞుడు ఊరికే రాస్తాడా అన్నాడు. నెల కిందట ఆమెని కదపమన్నది తనేనన్న సంగతి ఆయనకి గుర్తున్నట్టు లేదు. శ్యాంసుందర్ ఊరుకుంటే చాలు, ఆయన కోడ్‌ని ఇంకెప్పుడూ ఎవరూ తాకరు. అలాంటి గెలుపు కోసమే కదా ఇన్నాళ్లూ కుర్చీలో వెనక్కి వాలి కూర్చుంది.

"ఆ అమ్మాయిని అనకండి," అన్నాడు హిందీలో. "ఎందుకు రాశానో నేను ఎక్కడా రాయలేదు. అడిగినా చెప్పలేదు. ఎవరైనా తీసేస్తారు."

శ్యాంసుందర్ తప్పు ఒప్పుకోవడం ఆ ఆఫీసులో ఎవరూ చూసి ఎరగరు. "సరే, ఎలా ఉందో అలా పెట్టేయండి. ఇక దాన్నెవరూ ముట్టుకోవద్దు," అని రవీంద్రభాయ్ లోపలికి వెళ్లిపోయాడు.

హారతి కదలలేదు. "ఎట్లున్నదో అట్ల పెడితే లాభం లేదు సార్. రేపు నేను పోత, ఇంకొకరొస్తరు. మీరూ ఎల్లకాలం ఈడనే ఉండరు. వాళ్లు మళ్ల గిదేందో తెలవక తీసేస్తరు. మా నాయిన షిఫ్టు దిగేటప్పుడు, ఎక్కేటాయనకు ఏ మెషీన్ల దారం తెగుతున్నదో చెప్పకుంట ఇంటికి రాడు. మీరే రాయుండ్రి. అక్క గురించి నాకేం తెలుసు, నేనెట్ల రాస్త?"

శ్యాంసుందర్ తన కుర్చీలో కూర్చున్నాడు. ఈసారి వెనక్కి వాలలేదు.

ముందు ఆ లైనుని విప్పాడు. సూర్యోదయం లెక్క ఒకచోట, అస్తమయం లెక్క ఒకచోట, పగలో రాత్రో తేల్చేది ఇంకోచోట, వేటి పేరు వాటికి పెట్టి విడదీశాడు. ముడిపడిన దారాల్ని గోటితో విప్పుతున్నట్టు ఓపిగ్గా చేశాడు. తర్వాత ఫంక్షన్ పేరు దగ్గర చాలాసేపు ఆగాడు. చూడగానే పని తెలియాలని ఆ పిల్ల రోజుకి పదిసార్లు అంటుంది. నిజమే. స్వరాజ్యం అన్న పేరు తీసి, 'ఎండలో చూసి పాస్ చెయ్యి' అని మార్చాడు. మిల్లు స్క్రీన్ మీద వచ్చే ప్రశ్ననీ 'ఎండలో చూశారా?' అని పూర్తిగా రాశాడు. అనుకున్నంత బాధ కలగలేదు. ఇంతకాలం ఆ పేరుని ఎవరికీ కనబడనిచోట తాళం వేసి దాచింది తనే.

అప్పుడు జన్మలో మొదటి కామెంట్ మొదలుపెట్టాడు. కోడ్ మధ్యలో, కంప్యూటర్ పట్టించుకోకుండా వదిలేసే చోట, రేపు చదివే మనిషి కోసం రాసే మాట. అందరికీ అర్థం కావాలని ఇంగ్లీషులో రాశాడు. లైటు పెట్టె ఉన్నా సరే, ఎండలో చూడనిదే రంగు పాస్ చేయకూడదు. ఇది కావాలని పెట్టిన షరతు, తీసేయవద్దు. కింద ఇంకొక వాక్యం చేర్చడానికి ఆయనకి ఒక టీ చల్లారేంతసేపు పట్టింది. ఈ పద్ధతి చెప్పింది స్వరాజ్యం, నా భార్య. రాసి, మళ్లీ చదువుకుని, రివ్యూకి పంపాడు.

ఎదురు బల్ల దగ్గర హారతి తల వంచి చదవడం ఆయనకి కనిపిస్తూనే ఉంది. ఈ ఒక్కసారికి ప్రశ్నలేమీ వేయదులే అనుకున్నాడు. వేసింది. సరే అనకుండా వెనక్కి పంపింది. ఒక్కటే ప్రశ్న, చివరి వాక్యం పక్కన, తను మాట్లాడే తెలుగులోనే రాసింది.

"సార్, గిక్కడ సమజైతలేదు. స్వరాజ్యం అని రాసిన్రు గని ఆమె ఎట్లుండేదో రాయలే. రేపు చదివేటోళ్లకు ఆమె కనబడాలె కద. ఇంకో లైన్ రాయుండ్రి."

శ్యాంసుందర్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. కిటికీలోంచి మధ్యాహ్నపు ఎండ బల్ల మీద సగం దాకా వచ్చింది. హారతి ఆయన వైపు చూడలేదు, చూడకుండా ఉండటానికి చాలా కష్టపడుతోంది.

ఆయన కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు. చీర నచ్చితే దుకాణదారు వద్దంటున్నా వినకుండా దాన్ని పట్టుకుని రోడ్డు మీదకి నడిచేది, అని రాశాడు. ఎంతటి పనినైనా ఒక్క లైన్లో తేల్చేవాడని ఆయనకి పేరు. ఇదీ ఒక్క లైన్లో అయిపోతుందనుకున్నాడు. కాలేదు. కిందికి దిగి రెండోది మొదలుపెట్టాడు.